స్టీరియో మార్చాక పవర్ యాంటెన్నా మొరాయిస్తే: నీలం వైర్ దగ్గర మొదలుపెట్టండి

కొత్త స్టీరియో బిగించారు. లైట్లు వెలిగాయి, బ్లూటూత్ కలిసింది, స్పీకర్లు నాలుగూ మోగుతున్నాయి. ఎఫ్.ఎం. పెట్టగానే మాత్రం గరగర. వెనక్కి తిరిగి చూస్తే యాంటెన్నా డిక్కీ పక్కన గొట్టంలోంచి తల కూడా బయటపెట్టలేదు. లేదా దీనికి పూర్తిగా తిరుగుడు: తాళం తీసి జేబులో వేసుకున్నా అది జెండా కర్రలా నిలబడే ఉంది.

పాత స్టీరియో ఉన్నన్నాళ్లూ బుద్ధిగా లేచి దిగిన యాంటెన్నా ఇది. స్టీరియో మార్చిన రోజే దాని మోటారు పోవడానికి పెద్దగా అవకాశం లేదు. అనుమానించాల్సింది మనం వేసిన జాయింట్లను. అయినా చాలామంది ముందు డిక్కీ లైనింగ్ ఊడదీసి మోటారు బయటకు తీస్తారు. నేనూ మొదటిసారి అదే చేశాను. ఒక పూటంతా పోయాక తెలిసింది, డ్యాష్‌బోర్డ్ వెనక నీలం వైర్ టేప్ చుట్టుకుని ఖాళీగా వేలాడుతోందని.

నీలం వైర్ చేసే పని

ఆఫ్టర్‌మార్కెట్ స్టీరియోల్లో, అంటే కారుతో రాకుండా మనం బయట కొని బిగించేవాటిలో, వైర్ల రంగులు దాదాపు అన్ని కంపెనీలకూ ఒకటే. పసుపు ఎప్పుడూ బ్యాటరీ కరెంటు ఉండేది. ఎరుపు తాళం తిప్పితే వచ్చేది. నలుపు ఎర్త్. నీలం పవర్ యాంటెన్నాకి. నీలం మీద తెల్ల చార ఉన్నది యాంప్లిఫయర్ ఆన్ చేయడానికి. చవక ఆండ్రాయిడ్ స్టీరియోల్లో రంగులు తప్పొచ్చు గానీ వైర్ మీద "యాంట్", "యాంప్ కాన్" అని చిన్న అక్షరాలతో ఇంగ్లిష్‌లో అచ్చు వేసి ఉంటుంది.

ఇక్కడ ఒక విషయం అర్థమైతే మిగతావన్నీ తేలిక. నీలం వైర్ మోటారుకి కరెంటు సరఫరా చేయదు. మోటారుకి తిండి పెట్టేది బ్యాటరీ. నీలం వైర్ "లే" అనీ "కూర్చో" అనీ చెబుతుంది, అంతే. అందులో 12 వోల్టులు వస్తే "లే" అని, పోతే "కూర్చో" అని.

ఆటోమేటిక్ యాంటెన్నాకి అందుకే మామూలుగా మూడు వైర్లుంటాయి. ఒకటి ఫ్యూజ్ ద్వారా నేరుగా బ్యాటరీ నుంచి వచ్చేది, ఒకటి ఎర్త్, మూడోది ఈ ఆర్డర్ తెచ్చేది. బ్యాటరీ లైన్ ఎప్పుడూ ఉండాలి, తాళం తీసినా ఉండాలి. ఎందుకంటే కడ్డీ కిందికి దిగేది తాళం తీసిన తర్వాతే కదా, దిగడానికి కూడా మోటారు తిరగాలి.

మోటారు కొన్ని యాంపియర్లు లాగుతుంది, కడ్డీ ఇరుక్కుంటే ఇంకా ఎక్కువ. నీలం వైర్ ఇవ్వగలిగింది చాలా స్టీరియోల్లో 300 మిల్లీ యాంపియర్లు, కొన్నింటిలో అంతకన్నా తక్కువ. మోటారుని నేరుగా దీనికి కలిపితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. స్టీరియో లోపలి చిన్న ట్రాన్సిస్టర్ పోతుంది, ఇక ఆ వైర్ ఎప్పటికీ మూగదే.

ఇంకో తేడా. చాలా మోడళ్లలో నీలం వైర్‌లో కరెంటు రేడియో మోగుతున్నప్పుడే ఉంటుంది. యూఎస్‌బీకో బ్లూటూత్‌కో మారగానే పోతుంది. చార ఉన్న వైర్‌లో మాత్రం స్టీరియో ఆన్‌లో ఉన్నంతసేపూ ఉంటుంది. ఈమధ్య వస్తున్న కొన్నింటిలో రెండు పనులకీ కలిపి చార ఉన్న వైర్ ఒక్కటే ఇస్తున్నారు. అప్పుడు ఏ పాట పెట్టినా యాంటెన్నా లేస్తుంది, అది లోపం కాదు.

ఏదీ విప్పకముందు ఒక్క టెస్ట్

తప్పు స్టీరియో వైపు ఉందా, యాంటెన్నా వైపు ఉందా అన్నది ముందు తేల్చుకోవాలి. దానికి వోల్టులు కొలిచే మల్టీమీటర్, 1 యాంపియర్ ఫ్యూజ్ పెట్టిన మూరెడు వైర్ చాలు.

స్టీరియోని కొంచెం ముందుకు లాగి, కారు నుంచి వచ్చే యాంటెన్నా ఆర్డర్ వైర్‌ని స్టీరియో నీలం వైర్ నుంచి విడదీయండి. కలపకముందు కారు వైపు వైర్‌ని మీటర్‌తో ఒకసారి చూడండి. అందులో దానంతటదే 12 వోల్టులు కనిపిస్తే అది యాంటెన్నా వైర్ కాదు, లేదా ఎక్కడో వేరే లైన్‌తో కలిసిపోయింది. అలాంటిదాన్ని నీలం వైర్‌కి తగిలిస్తే కరెంటు వెనక్కి స్టీరియోలోకి ఎక్కుతుంది. కారు కప్లర్‌లోనూ (స్టీరియోకి వచ్చే కారు వైర్లన్నీ కలిసి ఉన్న ప్లగ్) ఒక నీలం వైర్ కనిపించింది కదా అని రెండు నీలాల్నీ కలపొద్దు. కారు తయారీదారు రంగులు వేరు, స్టీరియో రంగులు వేరు. ఐఎస్ఓ కప్లర్ ఉన్న కార్లలో పవర్ సాకెట్‌లోని 5వ పిన్ యాంటెన్నాది. మిగతా కార్లకు ఆ మోడల్ వైరింగ్ డయాగ్రమ్ చూడాల్సిందే.

ఖాళీగా ఉంటే, ఆ కారు వైపు వైర్‌ని ఫ్యూజ్ వైర్‌తో పసుపు లైన్‌కి తగిలించండి. కడ్డీ లేచి, తీయగానే దిగితే యాంటెన్నా, దాని ఫ్యూజ్, ఎర్త్ అన్నీ బాగున్నట్టే. డిక్కీ జోలికి వెళ్లక్కర్లేదు, తప్పు డ్యాష్‌బోర్డ్ వెనకే ఉంది. ఏ కదలికా లేకపోతే తప్పు వెనక వైపుంది. 1 యాంపియర్ ఫ్యూజ్ టప్పున పోతే, ఆ వైర్ ఎక్కడో బాడీకి తగులుతోంది లేదా మీరు పట్టుకున్నది ఆర్డర్ వైర్ కాదు, నేరుగా మోటారుకి వెళ్లే వైర్. దాని సంగతి కింద చెబుతాను.

బల్బు ఉన్న టెస్ట్ ల్యాంప్‌తో నీలం వైర్‌ని చూడొద్దు. బల్బు లాగే కరెంటే ఆ వైర్ పరిమితికి దగ్గరగా ఉంటుంది. మీటరే వాడండి.

యాంటెన్నా అసలు లేవడం లేదు

పై టెస్ట్‌లో లేచిందనుకుందాం. ఇప్పుడు స్టీరియోని రేడియోలో పెట్టి, ఖాళీగా ఉన్న నీలం వైర్ కొనని మీటర్‌తో కొలవండి. నల్ల ప్రోబ్ రంగు లేని బాడీ ఇనుముకి, ఎర్ర ప్రోబ్ వైర్‌కి. ఇంజిన్ ఆపి ఉంటే 12 వోల్టుల చుట్టూ, నడుస్తుంటే 14 దాకా చూపాలి.

అంత చూపిస్తే స్టీరియో ఆర్డర్ ఇస్తోంది, జాయింట్‌లోనే లోపం. మెలేసి టేప్ చుట్టిన జాయింట్లు వేసవి వేడికి జిగురు వదిలేసి విడిపోతాయి. క్రింప్ చేసి (లోహపు గొట్టంలో పెట్టి నొక్కి) హీట్ ష్రింక్ స్లీవ్, అంటే వేడి చేస్తే బిగిసే తొడుగు, వేయండి, లేదా సోల్డర్ చేయండి.

విడిగా 12 చూపించి, యాంటెన్నాకి కలపగానే 4కో 5కో పడిపోయే వైర్లూ ఉంటాయి. ఇది మనల్ని బాగా తిప్పుతుంది, ఎందుకంటే కొలిచిన ప్రతిసారీ "కరెంటు ఉందే" అనిపిస్తుంది. కాబట్టి రెండు రకాలుగానూ కొలవండి, విడిగా ఒకసారి, కలిపి ఒకసారి. కలిపితే పడిపోతోందంటే యాంటెన్నా రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్) నీలం వైర్ మోయలేనంత లాగుతోంది. మధ్యలో ఒక రిలే పెట్టాలి.

ఏమీ చూపకపోతే ముందు స్టీరియో నిజంగా రేడియోలోనే ఉందో లేదో చూడండి. బ్లూటూత్‌లో పెట్టి గంటసేపు వెతికినవాళ్లు ఉన్నారు. కొన్ని స్టీరియోల మెనూలో యాంటెన్నా కరెంటుని ఆపే సెట్టింగ్ కూడా ఉంటుంది. ఆండ్రాయిడ్ వాటిలో సిస్టమ్ పూర్తిగా లేచేదాకా ఈ వైర్‌లో కరెంటు రాదు, కాబట్టి కాసేపు ఆగండి. అన్నీ చూశాక కూడా సున్నాయే అంటే ఆ అవుట్‌పుట్ పోయినట్టే. స్టీరియో పారేయక్కర్లేదు. చార ఉన్న వైర్ బతికే ఉంటే దాన్నుంచి రిలే ద్వారా యాంటెన్నాని నడపొచ్చు. అదీ లేకపోతే ఎర్ర వైర్ లైన్ నుంచి రిలేకి ఒక చిన్న స్విచ్ పెట్టుకోవడమే దారి.

టెస్ట్‌లోనే లేవకపోతే ఇప్పుడు డిక్కీ తెరవండి. ముందు ఫ్యూజ్. చాలా కార్లలో యాంటెన్నాకి విడి ఫ్యూజ్ ఉంటుంది, స్టీరియో బిగించేటప్పుడు ఏ వైరో బాడీకి తగిలితే అదే పోతుంది. తర్వాత మోటారు కప్లర్ దగ్గర మూడు వైర్లూ కొలవండి. బ్యాటరీ వైర్‌లో తాళం లేకుండానే 12 ఉండాలి. ఆర్డర్ వైర్‌లో ముందు తగిలించినప్పుడు 12 రావాలి. రెండూ వచ్చి కూడా కదలకపోతే ఎర్త్ మీద అనుమానం. యాంటెన్నాకి ఆర్డర్ ఇచ్చి ఉంచి, మోటారు ఒంటికీ కారు బాడీకీ మధ్య వోల్టేజీ కొలవండి. అర వోల్టు దాటితే బ్రాకెట్ కింద తుప్పు ఉన్నట్టే. బోల్టు విప్పి, ఇనుము మెరిసేదాకా గీకి, మళ్లీ బిగించండి. అప్పటికీ నోరు మెదపకపోతేనే మోటారు పోయిందనాలి.

తాళం తీసినా దిగడం లేదు

ఈ లక్షణానికి ఒకదానికొకటి సంబంధం లేని కారణాలున్నాయి. వాటిలో ఒకటి చాలామందికి తట్టనిది.

తట్టేవి ముందు. ఆర్డర్ వైర్‌ని పసుపుకి కలిపేసి ఉంటే, ఎప్పుడూ "లే" అనే చెబుతున్నట్టు. విడదీసి నీలానికి కలపండి. ఎరుపునీ పసుపునీ ఒకటిగా మెలేసి బ్యాటరీకి కలిపితే స్టీరియోకి తాళం తీసిన సంగతే తెలియదు. మీరు బటన్ నొక్కి ఆపితే తప్ప నీలం వైర్‌లో కరెంటు పోదు. ఆఫ్ చేయడం మర్చిపోతే తెల్లారేసరికి యాంటెన్నాతో పాటు బ్యాటరీ సంగతీ చూసుకోవాలి.

తట్టనిది ఇది: యాంటెన్నాకి ఎప్పుడూ ఉండాల్సిన బ్యాటరీ లైన్‌ని, దగ్గర్లో దొరికిందని, తాళంతో వచ్చే లైన్‌కి కలపడం. లేచేటప్పుడు అంతా బ్రహ్మాండంగా ఉంటుంది. రేడియో బటన్ నొక్కి ఆపితే దిగుతుంది కూడా. తాళం తీస్తే మాత్రం ఆర్డరూ తిండీ రెండూ ఒకేసారి పోతాయి. దిగడానికి కరెంటు లేక కడ్డీ ఉన్నచోటే ఆగిపోతుంది. "బటన్‌తో ఆపితే దిగుతోంది, తాళంతో ఆపితే దిగడం లేదు" అని ఎవరైనా చెప్పారంటే కారు చూడకుండానే ఇదే కారణమని చెప్పొచ్చు. ఫ్యూజ్ పెట్టి బ్యాటరీ నుంచి కొత్త వైర్ లాగాలి, వేరే దారి లేదు.

వైర్లన్నీ సరిగ్గా ఉండి, మోటారు శబ్దం వినిపిస్తూ కడ్డీ మాత్రం కదలకపోతే అది వైరింగ్ సమస్య కాదు. కింద మోటారు శబ్దాల దగ్గర చూడండి.

స్టార్ట్ చేసేటప్పుడు యాంటెన్నా ఒక్క క్షణం దిగబోయి మళ్లీ లేస్తే కంగారు పడొద్దు. సెల్ఫ్ తిరుగుతున్నంతసేపూ స్టీరియోకి కరెంటు ఆగుతుంది, అంతే.

రేడియో వద్దన్నా లేస్తోంది

తాళం తిప్పగానే, స్టీరియో ఆన్ చేయకుండానే లేస్తే ఆర్డర్ వైర్ ఎరుపుకి కలిసి ఉంది. విడదీసి నీలానికి మార్చండి.

స్టీరియో ఆన్ చేశాక, బ్లూటూత్‌లో కూడా లేస్తే చార ఉన్న వైర్‌కి కలిసి ఉంది. మీ స్టీరియోలో చార లేని నీలం కూడా ఉంటే దానికి మార్చండి. రెండు పనులకీ ఒకే వైర్ ఇచ్చిన స్టీరియో అయితే ఆర్డర్ లైన్ మధ్యలో చిన్న స్విచ్ ఒకటి పెట్టి డ్యాష్‌బోర్డ్ కింద బిగించుకోవడం మంచి ఉపాయం. ఆ లైన్‌లో నడిచేది కొద్దిపాటి కరెంటే కాబట్టి ఏ చిన్న స్విచ్ అయినా సరిపోతుంది. కారు కడిగించేటప్పుడూ, తక్కువ ఎత్తు షెడ్డులో పెట్టేటప్పుడూ ఆ స్విచ్ విలువ తెలుస్తుంది. బ్రష్షులు తిరిగే వాషింగ్‌లో లేచి ఉన్న కడ్డీ ఒక్కసారి వంగితే ఇక మళ్లీ సాఫీగా దిగదు.

రేడియోలో పాట వస్తుంది, యూఎస్‌బీకి మారితే నిశ్శబ్దం

ఇది యాంటెన్నా సమస్యలా కనిపించదు గానీ పుట్టేది అదే నీలం వైర్ దగ్గర. యాంప్లిఫయర్‌ని ఆన్ చేసే రిమోట్ వైర్‌ని చార లేని నీలానికి కలిపారు. రేడియో ఆగగానే అందులో కరెంటు పోతుంది, యాంప్లిఫయర్ పడుకుంటుంది. రిమోట్ వైర్‌ని చార ఉన్న దానికి మార్చితే చాలు.

ఇక్కడే ఒక పెద్ద పొరపాటు జరుగుతుంది. "ఎందుకొచ్చిన గొడవ" అని నీలాన్నీ చార ఉన్నదాన్నీ కలిపి ఒకటి చేసేస్తారు. బ్లూటూత్‌లో ఉన్నప్పుడు చార వైర్‌లోని 12 వోల్టులు నీలం అవుట్‌పుట్‌లోకి వెనక్కి వెళ్తాయి. ఎన్నాళ్లు తట్టుకుంటుందో ఆ స్టీరియో అదృష్టం. ఈ రెండింటినీ ఎప్పుడూ కలపొద్దు.

కంపెనీ యాంప్లిఫయర్ ఉన్న కార్లలో ఇంకో చిక్కు. కారు కప్లర్‌లో యాంటెన్నాకి ఒక వైర్, యాంప్లిఫయర్‌కి ఒక వైర్ ఉండొచ్చు, లేదా రెండింటికీ ఒకటే ఉండొచ్చు. కొత్త స్టీరియో పెట్టాక స్పీకర్ల నుంచి చప్పుడే లేకపోతే స్పీకర్ వైర్లు వెతికే ముందు ఆ వైర్‌కి 12 వోల్టులు అందుతున్నాయా చూడండి.

రిలే ఎలా పెట్టాలి

పైన రెండు మూడు చోట్ల రిలే అన్నాను. మామూలు కారు రిలే, నాలుగు లేదా ఐదు కాళ్లది. కాళ్ల మీద అంకెలు అచ్చు వేసి ఉంటాయి. నీలం వైర్ 86కి. 85 ఎర్త్‌కి. 30కి ఫ్యూజ్ ద్వారా బ్యాటరీ లైన్. 87 నుంచి యాంటెన్నా ఆర్డర్ వైర్‌కి. 87ఏ అని ఐదో కాలు ఉంటే దాన్ని ఖాళీగా వదిలి టేప్ చుట్టేయండి.

రిలే చుట్ట దాదాపు 150 మిల్లీ యాంపియర్లు తీసుకుంటుంది. నీలం వైర్ పరిమితి 300 ఉన్న స్టీరియోకి హాయిగా సరిపోతుంది. 100 మాత్రమే ఉంటే ఈ రిలే కూడా బరువే, తక్కువ కరెంటుతో పనిచేసే రిలే తీసుకోవాలి. ఆ పరిమితి ఎంతో మాన్యువల్‌లో కనెక్షన్ల పేజీలో, బొమ్మ పక్కన చిన్న అక్షరాల్లో ఉంటుంది.

రిలే ఆగిన క్షణంలో దాని చుట్ట నుంచి ఒక వోల్టేజీ దెబ్బ వెనక్కి వస్తుంది. దానికి అడ్డుగా 85, 86ల మధ్య 1ఎన్4007 లాంటి డయోడ్ (కరెంటుని ఒకవైపే పోనిచ్చేది) పెట్టండి. గీత ఉన్న వైపు 86కి రావాలి. తిప్పి పెడితే నీలం వైర్ నేరుగా ఎర్త్ అయినట్టే, కాబట్టి కరెంటు ఇచ్చే ముందు ఇంకోసారి చూసుకోండి. డయోడ్ లోపలే ఉన్న రిలేలూ దొరుకుతాయి. వాటిలో 85, 86లను తారుమారు చేయకూడదు.

మోటారు ఆగకుండా తిరుగుతోంది, లేదా టకటకమంటోంది

లోపల జరిగేది ఇది. కడ్డీ అడుగున పళ్లున్న నైలాన్ తాడు ఒకటి ఉంటుంది. మోటారు గేరు ఆ పళ్లను పట్టుకుని తాడుని తోస్తుంది, లాగుతుంది. కడ్డీ చివరికి వెళ్లాక లోపలి స్విచ్చో క్లచ్చో మోటారుని ఆపుతుంది. లేచిన చివర్లో ఒకటి రెండు సార్లు టక్ టక్ మంటే అది క్లచ్ జారిన శబ్దం, కొన్నింటిలో మామూలే. ఆగకుండా టకటకమంటుంటే కడ్డీ ఎక్కడో ఇరుక్కుంది. సాఫీగా గుయ్‌మంటూ తిరుగుతూ కడ్డీ కదలకపోతే తాడు తెగింది, లేదా పళ్లు అరిగిపోయాయి.

ఇరుక్కున్నప్పుడు ముందు మట్టిని అనుమానించండి. కడ్డీ పూర్తిగా లేచి ఉండగా పొడి గుడ్డతో పై నుంచి కిందికి తుడిచి, పల్చటి నూనె గుడ్డకి రాసి ఇంకోసారి తుడవండి. చిక్కటి గ్రీజు పూస్తే మాత్రం దుమ్ముకి ఆహ్వానం పంపినట్టే. పదిసార్లు లేపి దింపితే చాలావరకు వదులవుతుంది. కడ్డీ వంగి ఉంటే సాపు చేయడానికి ప్రయత్నించి టైమ్ వృథా చేసుకోవద్దు, ఆ గొట్టాలు పల్చటివి.

తాడు తెగితే మొత్తం యాంటెన్నా కొనక్కర్లేదు. చాలా మోడళ్లకి తాడుతో సహా కడ్డీ విడిగా దొరుకుతుంది. పైనున్న నట్టు విప్పండి. లోపల ఒకరు రేడియో ఆన్ చేయాలి, బయట ఒకరు కడ్డీ పట్టుకోవాలి. మోటారు పాత తాడుని బయటకు తోసేస్తుంది. తెగిన ముక్క లోపలే ఉండిపోతే మోటారు పెట్టె విప్పి తీయక తప్పదు. అది లోపలుండగా కొత్త తాడు ఎక్కదు. పాత తాడు పళ్లు ఎటువైపున్నాయో చూసుకుని కొత్తదాన్ని అదే వైపు తిప్పి, గేరుకి తగిలేదాకా దింపండి. ఇప్పుడు రేడియో ఆపమనండి. మోటారు తాడుని లోపలికి లాక్కుంటుంది. ఒకటి రెండు సార్లు పట్టు జారితే మళ్లీ ఆన్ చేసి ఆపండి. ఇద్దరి మధ్య కాస్త సమన్వయం ఉంటే పావుగంట పని. ఒక్కరే చేయాలంటే మాత్రం తల ప్రాణం తోకకొస్తుంది.

మోటారు కింద నీళ్లు పోయే చిన్న ట్యూబు ఉంటుంది. అది మూసుకుపోతే వాన నీళ్లు మోటారులో నిలిచి తుప్పు పట్టిస్తాయి. ఎలాగూ డిక్కీ లైనింగ్ తీశారు కాబట్టి దాన్నీ ఊది చూడండి.

కడ్డీ లేచింది, స్టేషన్లు మాత్రం రావు

లేపడం వేరు, సిగ్నల్ తేవడం వేరు. సిగ్నల్ తెచ్చేది లావుపాటి యాంటెన్నా కేబుల్, దానికీ నీలం వైర్‌కీ ఏ సంబంధమూ లేదు. స్టీరియోని లోపలికి తోసేటప్పుడు ఆ ప్లగ్ సగం బయటకు జారడం మామూలు. ముందు దాన్ని గట్టిగా లోపలికి నొక్కి చూడండి. తర్వాత యాంటెన్నా బాడీకి బిగించిన చోట ఎర్త్ చూడండి. కేబుల్ పై అల్లిక తీగ ఎర్త్ కాకపోతే రేడియో గరగరతో పాటు ఇంజిన్ వేగంతో పెరిగే కూత కూడా వినిపిస్తుంది.

కడ్డీ పూర్తిగా లేస్తోందా అన్నదీ ముఖ్యమే. ఎఫ్.ఎం. 100 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు 3 మీటర్లు, అందులో నాలుగో వంతు 75 సెంటీమీటర్లు. కడ్డీలు దాదాపు ఆ పొడవుండేది ఊరికే కాదు. సగం లేచి ఆగిన కడ్డీతో దగ్గర్లోని గట్టి స్టేషన్లే వస్తాయి.

వైరింగ్ అంతా సరిగ్గా ఉండి కొన్ని స్టేషన్లు మాత్రం అసలు పట్టకపోతే స్టీరియో మెనూలో ట్యూనర్ ప్రాంతం చూడండి. అమెరికా సెట్టింగ్‌లో ట్యూనర్ 200 కిలోహెర్ట్జ్ అడుగులతో దూకుతుంది, మధ్యలో ఉన్న స్టేషన్లను దాటేస్తుంది. మీడియం వేవ్‌లో అక్కడ 10 కిలోహెర్ట్జ్ అడుగులు, ఆసియా, ఐరోపాల్లో 9. బయటి నుంచి తెప్పించుకున్న స్టీరియోలతో ఇది తరచూ ఎదురయ్యేదే.

బయట కడ్డీయే లేని కార్లలో, అంటే వెనక అద్దంలో తీగలో, పైకప్పు మీద షార్క్ రెక్క లాంటి యాంటెన్నాయో ఉన్నవాటిలో, లేవడానికి ఏమీ లేదని నీలం వైర్‌ని వదిలేస్తారు. చాలావాటిలో లోపల చిన్న బూస్టర్ ఉంటుంది, దానికీ 12 వోల్టులు కావాలి. నీలం వైర్ ఇవ్వాల్సింది అక్కడికే. కొన్ని యూరప్ కార్లలో ఈ కరెంటు యాంటెన్నా కేబుల్‌లోంచే వెళ్తుంది. వాటికి నీలం వైర్ తోక ఉన్న అడాప్టర్ దొరుకుతుంది, ఆ తోకని కలపడం మర్చిపోతే అడాప్టర్ పెట్టీ లాభం లేదు.

రాత్రికి రాత్రి బ్యాటరీ దిగిపోతోంది

అన్నీ ఆపి, తలుపులు మూసి, కాసేపు ఆగాక నీలం వైర్‌నీ చార వైర్‌నీ కొలవండి. రెండూ సున్నా చూపాలి. ఏదైనా 12 చూపితే యాంటెన్నా రిలే లేదా యాంప్లిఫయర్ రాత్రంతా మేలుకుని ఉంటోంది. కారణం దాదాపుగా పైన చెప్పిన ఎరుపు-పసుపు కలయికే. రెండూ సున్నా అయితే బ్యాటరీ నెగెటివ్‌కి వరుసలో మీటర్ పెట్టి కరెంటు చూడండి. చాలా కార్లకు 50 మిల్లీ యాంపియర్లలోపు ఉంటే ఫర్వాలేదు. ఎక్కువుంటే యాంటెన్నా ఫ్యూజ్ తీసి చూడండి. తీయగానే పడిపోతే యాంటెన్నా లోపలి స్విచ్ అతుక్కుపోయి మోటారు సర్క్యూట్ ఆగడం లేదన్నమాట.

రెండే వైర్లున్న యాంటెన్నా

టెస్ట్‌లో ఫ్యూజ్ పోయిన సంగతి ఇది కావచ్చు. పాత కార్లలో డ్యాష్‌బోర్డ్ మీద పైకి-కిందికి స్విచ్‌తో నడిచే యాంటెన్నాలకి నేరుగా మోటారు వైర్లు రెండే ఉంటాయి. ఒకవైపు కరెంటు ఇస్తే లేస్తుంది, తిప్పి ఇస్తే దిగుతుంది. దీనికి ఆర్డర్ అర్థం చేసుకునే తెలివి లేదు. నీలం వైర్‌ని నేరుగా దీనికి తగిలించొద్దు. స్విచ్‌ని అలాగే ఉంచుకోవడం చాలా తేలిక. ఆటోమేటిక్‌గా లేవాలనే పట్టుదల ఉంటే పవర్ యాంటెన్నాలకు విడిగా అమ్మే కంట్రోల్ మాడ్యూల్ పెట్టండి. అది నీలం వైర్ ఆర్డర్ తీసుకుని కరెంటుని అటూ ఇటూ తిప్పుతుంది, కొన్ని సెకన్లయ్యాక ఆపేస్తుంది. రెండు రిలేలతో సొంతంగా తిప్పే బొమ్మలు చాలా కనిపిస్తాయి గానీ, ఈ మోటారుకి లోపల ఆగే స్విచ్చులు లేకపోతే దిగిన తర్వాత కూడా కరెంటు ఆగదు, మోటారు కాలిపోతుంది.

వైర్లు విప్పి కలిపే పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగెటివ్ తీయడం మర్చిపోవద్దు, కొలిచేటప్పుడు మాత్రం మళ్లీ తగిలించాలి. తీసే ముందు కారులో కంపెనీ స్టీరియో ఇంకా ఉంటే దాని కోడ్ మీ దగ్గరుందో లేదో చూసుకోండి. పాతవి కొన్ని కరెంటు పోయి వచ్చాక కోడ్ అడుగుతాయి, కొత్తదానితో ఏదైనా తేడా వచ్చి పాతదే మళ్లీ పెట్టాల్సొస్తే అప్పుడు వెతుక్కోవాల్సొస్తుంది.